ముప్పై ఏళ్లు దాటిన కాపురం మీద స్క్రీన్‌ప్లే: పాత్రల్ని ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని ఎంచుకోవాలి

మూడేళ్ల క్రితం హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఇద్దరు మిత్రులతో కలిసి అద్దెకున్న గదిలో కూర్చుని ఈ కథ మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లు దాటిన కాపురం, ఇద్దరి మధ్యా మాటలు దాదాపు లేవు, అయినా ఒకే ఇంట్లో ఉంటున్నారు. భర్త మీద పద్నాలుగు పేజీలు, భార్య మీద పదహారు పేజీలు రాసుకున్నాను. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, చిన్నప్పుడు దేనికి భయపడేవాళ్లు, ఏ కూర ఇష్టం, దేవుణ్ణి నమ్ముతారా, అన్నీ. కథా చర్చల్లో ఒక సీనియర్ కో-డైరెక్టర్ గారు ఆ ముప్పై పేజీలూ ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు: "ఆ ఇంట్లో రాత్రి తలుపు గడియ ఎవరు పెడతారు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు అర్థమైంది, నేను ఇద్దరు మనుషుల గురించి రాశానే గానీ వాళ్ల కాపురం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదని.

ఆ తర్వాత అదే కథని మొదట్నుంచి మూడుసార్లు, మూడు రకాలుగా రాశాను. మీరూ ఇలాంటి కథే రాస్తుంటే ఏ దారి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ముంచుతుందో నాకు తెలిసినంత చెప్తాను. పోలిక తేలిగ్గా ఉండాలని ఒకే జంటని పట్టుకుందాం. రాజేశ్వరి, సుధాకర్. పెళ్లి 1991లో. ఆయనది నల్గొండ వైపు, ఆమెది శంషాబాద్ పక్కన ఒక ఊరు. వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీలో సొంత ఇల్లు, ముందుగది, వెనకగది, వంటిల్లు, మేడ మీద ఒక అద్దె పోర్షన్. ఆయన ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా చేసి 2024 జూన్‌లో రిటైర్ అయ్యాడు. ఒక్కతే కూతురు స్వాతి, డల్లాస్‌లో ఉంటుంది.

బయోడేటా, గొడవ, ఏర్పాటు

మొదటి దారి అందరూ చెప్పేదే, బయోడేటా. మనిషి పుట్టుక దగ్గర్నుంచి రాసుకుంటూ రావడం. కొత్తగా కలిసే ఇద్దరి కథకి, ప్రేమకథకి, ఊరు వదిలి సిటీకి వచ్చిన కుర్రాడి కథకి ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ మనిషి తన గతాన్ని మోసుకుంటూ కథలోకి వస్తాడు. పాత కాపురం దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఏమిటంటే, పెళ్లినాటి మనుషులు ఇద్దరూ ఇప్పుడు లేరు. మనం "ఆయన పిసినారి, ఆమె చేయి ధారాళం" అని రాసుకుంటాం. ముప్పై మూడేళ్లలో అది తలకిందులవుతుంది. ఆయన ఖర్చు పెట్టనివ్వడు కాబట్టి ఆమె పోపు డబ్బాలో దాచుకోవడం నేర్చుకుంది, ఆమె దాస్తోందని పసిగట్టి ఆయన ఇంకా బిగించాడు, ఆయన బిగించాడని ఆమె మేడ మీద అద్దె తానే వసూలు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎవరు పిసినారి? ఒకరి గుణం ఇంకొకరి గుణానికి జవాబు. విడివిడిగా రాసిన రెండు బయోడేటాల్లో ఈ సంగతి దొరకదు, నాకు ముప్పై పేజీల్లోనూ దొరకలేదు.

రెండో దారి గొడవ. వాళ్లిద్దరి మధ్యా జరగగల అతి పెద్ద గొడవని ముందే రాసేసి, అక్కణ్నుంచి ముందుకీ వెనక్కీ వెళ్లడం. దీనికి ఊపు ఉంది. నటులకి నచ్చుతుంది, నెరేషన్‌లో, అంటే నిర్మాతకో హీరోకో కథ చెప్పేటప్పుడు, వినేవాళ్లు నిటారుగా కూర్చుంటారు. పెళ్లై ఏడేళ్లో పదేళ్లో అయిన జంట మీద రాస్తుంటే నేను ఇదే ఎంచుకోమంటాను. వాళ్లు ఇంకా అరుచుకుంటారు, అరిస్తే అవతలి మనిషి మారతాడన్న ఆశ ఉంది కాబట్టి అరుచుకుంటారు. రాజేశ్వరికి ఆ ఆశ పోయి పన్నెండేళ్లైంది. ఈ పద్ధతిలో నేను రాసిన రెండో డ్రాఫ్ట్‌లో ప్రతి సీనూ అరుపే. ఇంటర్వెల్ దాకా అరిచేశాక సెకండాఫ్‌లో వాళ్లకి మిగిలింది ఏమీ లేదు, ఇంకా గట్టిగా అరవడం తప్ప. ఆ డ్రాఫ్ట్ చదివిన మిత్రుడు ఒక మాట అన్నాడు, "వీళ్లకి ఇంత మాట్లాడుకునే ఓపిక ఉంటే విడిగా పడుకోవాల్సిన అవసరం ఏముంది?" అని. నిజమే.

అయినా ఆ గొడవ సీన్ రాయండి. స్క్రిప్ట్‌లో పెట్టకండి, మీ దగ్గర ఉంచుకోండి. ఎవరు ఏ సంవత్సరాన్ని తవ్వి తీస్తారో, ఎవరి నోట ఎవరి అమ్మ పేరు వస్తుందో అందులో తెలుస్తుంది. సుధాకర్ 2009ని తీశాడు, అదేమిటో కింద చెప్తాను. రాజేశ్వరి 1994ని తీసింది, స్వాతి పురిటికి తను పుట్టింట్లో ఉంటే ఆయన చూడ్డానికి పదహారో రోజున వచ్చిన సంగతి. రాసేదాకా ఆ పదహారో రోజు నాకే తెలియదు.

మూడో దారి నేను నిలబడి చెప్పేది. దాన్ని నేను ఏర్పాటు అంటాను. మాటలు ఆగిపోయిన ఏ ఇల్లైనా ఇన్నేళ్లు నడుస్తోందంటే, మాటల స్థానంలో ఏదో ఒక పద్ధతి కుదిరిందని అర్థం. ఆ పద్ధతిని ఎవరూ ప్రకటించరు, ఎవరూ ఒప్పుకోరు, ఇద్దరూ తు.చ. తప్పకుండా పాటిస్తారు. పాత్రలు అందులో ఉన్నాయి. కాబట్టి మనిషి గురించి కాకుండా ఇంటి గురించి అడగండి. గడియ ఎవరు పెడతారు? పాలవాడికి డబ్బులు ఎవరిస్తారు? కరెంటు బిల్లు ఎవరి ఫోన్‌లోంచి కడతారు? అల్మారా తాళం ఎవరి దగ్గరుంటుంది? ఇద్దరి మందులూ ఒకే డబ్బాలో ఉంటాయా? బంధువుల పెళ్లికి కలిసి వెళ్తారా, వెళ్తే బండి మీద ఆమె చెయ్యి ఎక్కడ పెట్టుకుంటుంది, ఆయన భుజం మీదా, వెనక స్టాండ్ మీదా? చదివింపులు రాయించేటప్పుడు ఎవరి పేరు చెప్తారు?

సుధాకర్, రాజేశ్వరి ఇంటికి ఈ ప్రశ్నలు వేస్తే నాకు వచ్చినవి ఇవి. 2012లో దోమలు ఎక్కువగా ఉన్నాయని, ముందుగదిలో ఫ్యాను గాలి బాగా వస్తుందని ఆమె మంచం అక్కడికి మార్చింది. ఆ ఏడాది కిటికీలకి జాలీలు బిగించారు. మంచం వెనక్కి రాలేదు. రాత్రి ఆమె హాట్‌బాక్స్‌లో అన్నం, గిన్నెలో కూర పెట్టి మూతపెట్టి సీరియల్ చూడ్డానికి వెళ్తుంది. ఆయన వచ్చి వడ్డించుకుని తిని, తన పళ్లెం తనే కడిగి బోర్లిస్తాడు. ఈ పళ్లెం కడగడాన్ని నేను ముందు ప్రేమ అనుకుని రాశాను, తర్వాత కోపం అనుకుని రాశాను, రెండూ కుదరలేదు. అది సరిహద్దు. ఇక్కడిదాకా నీ పని, ఇక్కణ్నుంచి నాది. పాలవాడికీ పేపరువాడికీ డబ్బులు ఆయనే ఇస్తాడు, ఒక పుస్తకంలో రాసుకుంటాడు. రాత్రి పదిన్నరకి గడియ ఆయనే పెడతాడు.

ఇక కబుర్లు. ఆయన బీపీ గోలీలు అయిపోయాయని ఆమె చూస్తుంది, ఆయనకి చెప్పదు. రాత్రి తొమ్మిదికి, వేసవిలో అయితే డల్లాస్‌లో అప్పుడు పొద్దున పదిన్నర, స్వాతి ఫోన్ చేస్తే "మీ డాడీ గోలీలు అయిపోయినయ్, తెచ్చుకోమను" అంటుంది. పది నిమిషాల తర్వాత స్వాతి వెనకగదికి ఫోన్ చేస్తుంది. ముందుగది నుంచి వెనకగదికి కబురు అమెరికా మీదుగా వెళ్తుంది. ఇలాంటి ఇళ్లు మన కాలనీల్లో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇది దొరికిన రోజున నాకు కథ కూడా దొరికింది. ఎందుకంటే ఏర్పాటు ఉంటే దాన్ని కదిలించడమే కథ. ఒక రాత్రి స్వాతి ఏడుస్తూ "ఇంక నన్ను మధ్యల పెట్టకండి, మీరూ మీరూ మాట్లాడుకోండి" అని ఫోన్ పెట్టేస్తుంది. గోలీల కబురు ఆగిపోయింది. ఇప్పుడు రాజేశ్వరి ఏం చేస్తుంది? ఆమె ఏం చేస్తుందో అదే ఆమె పాత్ర.

ఈ పద్ధతికి నష్టం కూడా ఉంది, దాచను. చాలా నెమ్మది. మొదటి రెండు నెలలు చేతిలో చెప్పుకోడానికి కథ ఉండదు, చిన్నచిన్న వివరాలు ఉంటాయి. ఆ దశలో నెరేషన్‌కి వెళ్తే "ఇందులో కథేముంది?" అంటారు, వాళ్ల తప్పేమీ లేదు. వచ్చే వారమే ఎవరికైనా వినిపించాల్సి ఉంటే గొడవ పద్ధతిలో వన్‌లైన్, అంటే క్లుప్తంగా కథ, రాసుకుని వెళ్లండి. టైముంటే మాత్రం ఏర్పాటుతోనే మొదలుపెట్టండి.

దూరం ఎందుకు వచ్చింది: ఒక్క సంఘటనా, పేరుకుపోయినదా?

ఇది రెండో పెద్ద ఎంపిక. అక్రమ సంబంధం పెడితే ప్రేక్షకుడికి క్షణంలో అర్థమవుతుంది, కానీ ఆ క్షణం నుంచి అతను జడ్జి అయిపోతాడు. క్షమిస్తుందా లేదా అన్నది తప్ప ఇంకో ప్రశ్న మిగలదు. బిడ్డ చనిపోవడం పెడితే ఆ దుఃఖం కథ మొత్తాన్నీ తనవైపు లాక్కుంటుంది, కాపురం వెనక్కి పోతుంది. రెండూ మంచి కథలే కావచ్చు, వేరే కథలు. అసలు సంఘటనే లేకుండా "ఏళ్ల తరబడి పేరుకుపోయింది" అని వదిలేస్తే నటులకి పట్టుకోడానికి ఏమీ ఉండదు.

నేను ఎంచుకున్నది నడిమధ్య దారి. సంఘటన ఒకటి ఉంటుంది, కానీ దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు, అది ఏర్పాటుగా మారిపోయింది. హైదరాబాద్ చుట్టుపక్కల కథకి భూమి కంటే నమ్మకమైన కారణం నాకు కనిపించలేదు. దీనికి కొంచెం చట్టం తెలియాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా. ఆ తేదీకి ముందే పెళ్లైన ఆడపిల్లలకి అది వర్తించలేదు. దేశం మొత్తానికి అలాంటి హక్కు 2005లో గానీ రాలేదు. రాజేశ్వరి పెళ్లి 1991లో. అంటే తండ్రి వైపు పూర్వీకుల భూమిలో ఆమెకి వాటా ఉంది.

1998లో తండ్రి పోయాక అన్నదమ్ములు కాగితం తెచ్చారు, హక్కు వదులుకుంటున్నట్టు. ఆమె సంతకం పెట్టింది, పసుపు కుంకుమల కింద పట్టుచీర, పదివేలు పుచ్చుకుంది. భర్తకి చెప్పలేదు. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కే దారి మూసుకుపోతుందని ఆమెకి తెలుసు, చెప్తే ఆయన పెట్టనివ్వడనీ తెలుసు. 2008 మార్చిలో శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్ట్ మొదలైంది. ఆ చుట్టుపక్కల భూముల ధరలు ఎక్కడికి వెళ్లాయో వేరే చెప్పక్కర్లేదు. 2009లో ఒక పెళ్లిలో బావమరిది నోరుజారితే సుధాకర్‌కి తెలిసింది. ఆయన ఏమీ అనలేదు. ఆ నెల నుంచి ఇంటి ఖర్చుకి డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం, పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. ఆయనకి తెలిసిపోయిందని ఆ పుస్తకం చూసి ఆమెకి తెలిసింది. మూడేళ్లకి దోమలు ఎక్కువయ్యాయి.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఆయన్ని డబ్బు మనిషిగా రాయాలనిపిస్తుంది, నేనూ అలాగే రాశాను. అప్పుడు ఆమె దేవత అయిపోయింది, సీన్లన్నీ చప్పబడ్డాయి. తర్వాత ఆయన వైపు వెతికాను. 1991లో కట్నం వద్దని నిలబడిన మనిషి ఆయన, అందుకు సొంత తండ్రితో ఏడాది మాటలు లేవు. ఆయన బాధ భూమి పోయిందని కాదు, పదకొండేళ్లు తన పక్కనే పడుకుని చెప్పలేదని. మీ రెండు పాత్రల్లో ఎవరి వైపు వకీలు నిలబడినా గెలిచేలా ఉండాలి. ఒకరి వైపే వాదన ఉంటే ఇంకా రాయాల్సింది మిగిలే ఉందని లెక్క.

ఏ వయసు పట్టుకోవాలి?

నలభై ఐదేళ్ల జంటని తీసుకుంటే పిల్లల ఇంటర్, కోచింగ్ ఫీజులు, ఇంటి ఈఎంఐ, అత్తగారి మోకాళ్ల నొప్పులు, అన్నీ చేతికి దొరుకుతాయి. సీన్లు వేగంగా వెళ్తాయి. పైగా దూరానికి సాకు దొరుకుతుంది, టైము లేదు, అలసిపోయాం అని. రిటైరైన జంటకి ఆ సాకు కూడా పోతుంది. ఆఫీసుకి వెళ్లే మనిషి పొద్దున పది గంటలకి కూడా ఇంట్లోనే, కుర్చీలో. ముప్పై ఏళ్లుగా ఆమెదైన పగటిపూటలోకి ఆయన వచ్చి కూర్చున్నాడు. నాకు ఇది ఎక్కువ బలంగా అనిపించింది.

రిటైర్మెంట్ ఎంచుకుంటే తేదీలు సరిచూసుకోండి, ఎందుకంటే వాటిలో కథ ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2021 మార్చిలో ఉద్యోగుల పదవీ విరమణ వయసుని 58 నుంచి 61కి పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. మీ పాత్ర రాష్ట్ర విభజన తర్వాత ఏ ప్రభుత్వంలో ఉన్నాడో తేల్చుకోకుండా ముందుకు వెళ్లొద్దు. సుధాకర్ 2021 జూన్‌లో దిగిపోవాలి, మూడు నెలల ముందు మూడేళ్లు కలిసొచ్చాయి. ఆ వార్త టీవీలో వచ్చిన రోజు రాజేశ్వరి సేమ్యా పాయసం చేసింది. ఎప్పుడూ లేనిది. జీతం కొనసాగుతుందని చేసిందనుకుని ఆయన రెండు గ్లాసులు తాగాడు. మూడేళ్లపాటు తన పగళ్లు తనకి ఉంటాయని ఆమె చేసింది. ఈ సీన్‌కి ఒక్క డైలాగ్ కూడా పట్టలేదు, ఇద్దరి పాత్రలూ తేలిపోయాయి. రిటైర్మెంట్ జీవోలో ఇంత సరుకు ఉంటుందని నేను అనుకోలేదు.

ఎవరి కళ్లతో చూడాలన్న ప్రశ్న మీద ఎక్కువ చెప్పను. కూతురి కళ్లతో వద్దు, పిల్లలకి తల్లిదండ్రుల కాపురంలో సగమే కనిపిస్తుంది, కథ ఫిర్యాదుగా మారుతుంది. మొదట్నుంచీ ఇద్దరి వైపూ సమానంగా చూపిస్తే ఎవరికీ దగ్గర కాలేం. మన సినిమాకి ఇంటర్వెల్ ఉంది, దాన్ని వాడుకోండి. ఫస్టాఫ్ సుధాకర్‌తో ఉండి, ప్రేక్షకుడు కూడా ఆ పాయసాన్ని ఆయనలాగే అర్థం చేసుకుని, ఇంటర్వెల్ తర్వాత రాజేశ్వరి పక్కకి వెళ్లడం నాకు నచ్చిన దారి.

మీరా, నువ్వా, ఏదీ లేకుండానా?

తెలుగులో రాసేవాళ్లకి దేవుడిచ్చిన వరం ఇది, చాలామంది గాలికి వదిలేస్తున్నారు. భార్య భర్తని ఏమని పిలుస్తుంది? కోస్తా వైపు మధ్యతరగతి ఇళ్లలో "ఏమండీ", "మీరు" ఎక్కువ. అలాంటి జంటైతే కోపంలో ఒక్కసారి "నువ్వు" అని జారితే చాలు, హాలంతా ఉలిక్కిపడుతుంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన ఎన్నో ఇళ్లలో భార్య భర్తని "నువ్వు" అనే అంటుంది, అందులో అగౌరవం లేదు, ఉన్నది దగ్గరితనమే. అక్కడ "నువ్వు" అన్న మాటతో సీన్ లేపాలనుకుంటే అది పేలదు. అక్కడ తిరగేయాలి. చుట్టాల ముందు ఆమె ఉన్నట్టుండి "మీరు చెప్పండి" అంటే అదీ దెబ్బ. రాసేవాళ్లు తమ ఇంటి అలవాటునే అన్ని జంటలకీ తొడిగేస్తారు, హైదరాబాద్ కథలో ఇది తరచూ జరిగే పొరపాటు. మీ జంట ఏ ఊరి నుంచి వచ్చిందో ముందు తేల్చుకోండి.

మూడో దారి కూడా ఉంది. మాటల్లేని ఇళ్లలో జాగ్రత్తగా వినండి. క్రియ చివర మీరో నువ్వో బయటపడిపోతుంది కాబట్టి మనుషులు ఆ క్రియనే తప్పించుకుంటారు. "టీ అయ్యింది." "ఫోన్ మోగుతుంది." "గ్యాస్ అయిపోయింది." "బయట వాన పడేటట్టుంది." వాక్యాల్లో మనుషులు ఉండరు, వస్తువులే ఉంటాయి. రాజేశ్వరి, సుధాకర్ ఫస్టాఫ్ మొత్తం ఇలాగే మాట్లాడుకుంటారు. నేను ఈ నియమం పెట్టుకున్నాక డైలాగులు సగానికి సగం తగ్గాయి, మిగిలినవాటికి బరువొచ్చింది. ఆ తర్వాత సెకండాఫ్‌లో ఎక్కడో, ఆస్పత్రి బెంచీ మీద, ఆమె "నువ్వు తిన్నవా?" అని అడిగితే అది పన్నెండేళ్ల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి "నువ్వు". దాని పక్కన ఇంకే మాటా అక్కర్లేదు.

పిలుపు విషయం కూడా. భర్తని పేరు పెట్టి పిలవలేక పిల్లల పేరుతో పిలిచే అలవాటు మన అమ్మల తరంలో చాలా ఇళ్లలో ఉంది. రాజేశ్వరి వంటింట్లోంచి "స్వాతీ" అంటే సుధాకర్ వచ్చేవాడు. స్వాతి అమెరికా వెళ్లి ఎనిమిదేళ్లైంది. ఆ ఇంట్లో ఇప్పటికీ గ్యాస్ సిలిండర్ జరపాల్సి వస్తే "స్వాతీ" అన్న కేక వినిపిస్తుంది, ఆయన లేచి వస్తాడు.

ఇంట్లోవాళ్లని చూసి రాయాలా, కల్పించాలా?

వస్తువులు ఇంటి నుంచి తీసుకోండి, సంఘటన మాత్రం కల్పించండి. హాట్‌బాక్స్ మా ఇంటిదే. భూమి సంతకం మాది కాదు. మా అమ్మని ఒకసారి అడిగాను, మన ఇంట్లో గడియ ఎవరు పెడతారు అని. ఆమె చాలాసేపు నా వైపు చూసి, "ఇన్నేళ్లు ఈ ఇంట్లోనే ఉన్నవ్ గదరా, చూడలేదా?" అంది. తర్వాత రెండు రోజులు నేను ఏమీ రాయలేకపోయాను. నిజంగా జరిగిన గాయాన్ని తెరమీద పెడితే ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు, మీరు వాళ్ల ముందు కూర్చుని అన్నం తినాలి. ఆ భయంతో చివరికి మీరే పాత్రల్ని మెత్తబరుస్తారు, అప్పుడు కథా చెడుతుంది.

చివరికి ఆమె వెళ్లాలా, ఉండాలా?

వెళ్లడం ఎంచుకుంటే చట్టం సరిగ్గా తెలుసుకుని రాయండి. ఒక సంతకంతో విడాకులు వచ్చేసే సీన్లు ఇంక చాలు. పరస్పర అంగీకారంతో అయితే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్. కనీసం ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక రెండోసారి కోర్టు ముందుకి రావడానికి ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్ని తగిన సందర్భాల్లో కోర్టు మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. విడాకుల డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా తమ ఒప్పుకోలుని వెనక్కి తీసుకోవచ్చు, స్క్రీన్‌ప్లేకి ఇది ఎంత టెన్షన్ ఇస్తుందో ఆలోచించండి. భర్త ఒప్పుకోకపోతే ఇంకో దారి, భార్య కాపురానికి రావాలని 9వ సెక్షన్ కింద ఆయన కోర్టుకి వెళ్లడం. ఈ సెక్షన్ ఆడమనిషి వ్యక్తిగత స్వేచ్ఛకి విరుద్ధమని 1983లో ఇక్కడి హైకోర్టే, అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కొట్టేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు, సెక్షన్ నిలబడింది. మీ భర్త పాత్ర ఆ నోటీసు పంపే మనిషా కాదా అన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. సుధాకర్ పంపడు, అది నాకు తెలుసు.

ఉండిపోవడం ఎంచుకుంటే ప్రమాదం వేరు. "సర్దుకుపోయారు" అన్న భావం వచ్చిందంటే ఆమె ముప్పై మూడేళ్లూ వృథా అయినట్టే. రెండేళ్లు ఈ రెండింటి మధ్యా కొట్టుకున్నాను. దారి చూపించింది ఒక తీర్పు. 13బి లో "విడిగా ఉండటం" అంటే వేరే ఇళ్లలో ఉండటమే కాదు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే అది విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. రాజేశ్వరి పెళ్లైన ఏడాదే.

కాబట్టి ఆమెని ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టుల దగ్గర ఒక లాయరమ్మ గదికి పంపాను. "ఎన్నేళ్ల నుంచి విడిగా ఉంటున్నరు?" అని లాయరు అడుగుతుంది. "విడిగా లేము, ఒక్క ఇంట్లనే ఉన్నం" అంటుంది రాజేశ్వరి. లాయరు గదులెన్ని అని అడుగుతుంది, ఎవరెక్కడ పడుకుంటారు, అన్నం ఎవరు వడ్డిస్తారు, ఏ ఏడాది నుంచి అని అడుగుతుంది, అన్నీ రాసుకుని "అట్లయితే పన్నెండేళ్లు" అంటుంది. దోమలు, ఫ్యాను గాలి అని తను ఇన్నాళ్లు చెప్పుకున్నదానికి కాగితం మీద ఒక పేరు ఉందని ఆమె అక్కడ వింటుంది. ఏర్పాటుకి మొదటిసారి ఎవరో పేరు పెట్టారు. ఈ సీన్ తర్వాత ఆమె వెళ్లినా ఉన్నా అది ఆమె నిర్ణయమే అవుతుంది.

ఆ రోజు ఆమె ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. వెనకగదిలో లైటు ఉంది. ఆమె లోపలికి వచ్చి గడియ పెట్టింది.

నెరేషన్‌లో ఇక్కడ ఆపితే అందరూ అడుగుతారు, ఆమె ఉందా, వెళ్లిందా అని. అందుకని ఇంకో సీన్ రాశాను. మర్నాడు పొద్దున పాలవాడు గేటు దగ్గర నిలబడతాడు. సుధాకర్ పుస్తకం పట్టుకుని వచ్చేసరికి రాజేశ్వరి అప్పటికే డబ్బులిచ్చి పాల ప్యాకెట్లతో లోపలికి వస్తూ ఉంటుంది. ఆయన పుస్తకం తెరిచి, ఏం రాయాలో తెలియక, అలాగే నిలబడతాడు.